బ్యాకప్ కోసం తగిలించిన హార్డ్ డిస్క్‌ను పీఎస్4 ఎందుకు చూపించడం లేదు?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 500 జీబీ పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) ఉంది. లోపలి డిస్క్ ఎప్పుడు చూసినా నిండిపోయి ఉండటంతో దాని స్థానంలో పెద్దది వేసుకోవాలని నిర్ణయించుకున్నాను. అందుకు ముందుగా ఉన్నదంతా బ్యాకప్ తీసిపెట్టుకోవడానికి 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొన్నాను. సెట్టింగ్స్‌లో డివైసెస్ కింద యూఎస్‌బీ స్టోరేజ్ డివైసెస్‌లోకి వెళ్లి, దాన్ని ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా ఫార్మాట్ చేసి, ఆరు పెద్ద గేములను అందులోకి మార్చాను. అంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు. తీరా సిస్టమ్ కింద ఉన్న బ్యాకప్ అండ్ రిస్టోర్‌లోకి వెళితే, యూఎస్‌బీ పరికరమేదీ తగిలించి లేదన్నట్టు చెబుతోంది. అదే డిస్క్‌ను కంప్యూటరుకు తగిలిస్తే, వాడే ముందు ఫార్మాట్ చేయాలంటూ ఒక పెట్టె తెర మీదకు వస్తోంది. డిస్క్ పాడైందా, లేక నేనే ఏదైనా మెట్టు దాటవేశానా? ఇంకో సందేహం కూడా ఉంది. గేములను బయటి డిస్క్‌లోకి మార్చాను కాబట్టి వాటికి బ్యాకప్ అయిపోయినట్టేనా?

సమాధానం

డిస్క్ పాడవలేదండి. కంప్యూటరులో వచ్చే ఆ పెట్టెలో మాత్రం దయచేసి ‘ఫార్మాట్’ నొక్కకండి. నొక్కితే మీరు మార్చిన ఆరు గేములూ పోతాయి.

జరిగినది ఇది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను పీఎస్4 రెండు వేర్వేరు పనులకు వాడుకుంటుంది, ఆ రెండింటికీ రెండు వేర్వేరు ఫార్మాట్లు కావాలి. మొదటిది మీరు చేసిన ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్. 2017లో వచ్చిన 4.50 సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌తో ఈ సదుపాయం మొదలైంది. దీనికి యూఎస్‌బీ 3.0 డిస్క్ ఉండాలి, సామర్థ్యం 250 జీబీకి తగ్గకుండా, 8 టీబీకి మించకుండా ఉండాలి. ఇలా ఫార్మాట్ చేసినప్పుడు కన్సోల్ డిస్క్ మొత్తాన్నీ తనకు మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో రాసుకుంటుంది కనుక, కంప్యూటరుకు అది ఏమీ రాయని డిస్క్‌లా కనిపిస్తుంది. రెండవది బ్యాకప్. దీనికి కంప్యూటరు కూడా చదవగలిగే ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫ్యాట్32 గానీ (ఇవి ఫైళ్లను డిస్క్ మీద అమర్చే పద్ధతులు, అంటే ఫైల్ సిస్టమ్‌లు) ఉన్న డిస్క్ కావాలి. బ్యాకప్ అండ్ రిస్టోర్ వెతుకుతున్నది ఇలాంటి డిస్క్ కోసమే, అందుకే మీ 2 టీబీ డిస్క్ దాని కంటికి ఆనలేదు.

ఇక మీ రెండవ సందేహం. బ్యాకప్ కాలేదు, సరికదా ఒక విధంగా ఆ గేములకు భద్రత తగ్గిందనే చెప్పాలి. దస్తావేజును బీరువాలోంచి తీసి అటక మీద పెట్టినంత మాత్రాన దానికి నకలు తీసినట్టు కాదు కదా. గేములు ఇప్పుడు ఆ బయటి డిస్క్‌లో మాత్రమే ఉన్నాయి, అది చేతిలోంచి జారి కింద పడితే వాటిని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవలసిందే. డౌన్‌లోడ్ అయినా చేసుకోవచ్చు గనుక దాని గురించి నేను పెద్దగా బాధపడను. అసలు విలువైనవి మీ సేవ్ ఫైళ్లు, అంటే మీరు గంటల తరబడి ఆడి చేరుకున్న చోట్లు. అవి ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌లోకి వెళ్లవు. గేమును ఎక్కడికి మార్చినా దాని సేవ్ డేటా కన్సోల్ లోపలి డిస్క్‌లోనే ఉండిపోతుంది. మీరు విప్పి పక్కన పెట్టబోతున్నది సరిగ్గా ఆ డిస్క్‌నే.

కాబట్టి 2 టీబీ డిస్క్‌ను ఉన్నదున్నట్టు గేములకే వదిలేసి, బ్యాకప్ కోసం మరో డిస్క్ చూసుకోండి. అది పెద్దది కానక్కరలేదు. బ్యాకప్ మొదలుపెట్టేటప్పుడు ఏమేమి చేర్చాలో కన్సోల్ అడుగుతుంది, అక్కడ అప్లికేషన్ల దగ్గర టిక్కు తీసేస్తే లోపలున్న గేములు బ్యాకప్‌లో చేరవు, పరిమాణం అమాంతం తగ్గిపోతుంది. బయటి డిస్క్‌లో ఉన్న గేములు ఎలాగూ బ్యాకప్‌లోకి రావు.

అడిగినవారు

ఎంతో స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇంట్లో 500 జీబీ పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి ఉంది. కంప్యూటరులో చూస్తే దాని ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అని చూపిస్తోంది, అందులో మా కుటుంబం ఫోటోలు సగం వరకూ నిండి ఉన్నాయి. దాన్ని ఉన్నపళంగా వాడుకోవచ్చా? లేదంటే ఫోటోలు పోకుండా ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చే మార్గం ఉందా?

సమాధానం

ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను పీఎస్4 గుర్తించదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాలంటే ఫార్మాట్ చేయాలి, ఫార్మాట్ చేస్తే ఫోటోలు చెరిగిపోతాయి. ముందు వాటిని కంప్యూటరులోకి కాపీ చేసి, నాలుగైదు ఫోటోలు, ఒకటి రెండు వీడియోలు తెరిచి చూసుకున్న తరువాతే ముందుకు వెళ్లండి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఒకే సైజులో ఉన్న నల్లటి డిస్కులు రెండు నా కంప్యూటరుకు తగిలించి ఉన్నాయి. ‘ఎఫ్’ అనే అక్షరం ఖాళీ డిస్క్‌దని చూసి పెట్టుకున్నాను. మధ్యలో కేబుల్ కదిలి రెండూ ఒకసారి ఊడి మళ్లీ తగులుకున్నాయి. ఆ తరువాత ‘ఎఫ్’ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ నొక్కి, పచ్చగీత చివరిదాకా వెళ్లడాన్ని నిశ్చింతగా చూశాను. డిస్కులు మళ్లీ తగులుకున్నప్పుడు అక్షరాలు తారుమారయ్యాయన్న సంగతి, నిండుగా ఉండవలసిన డిస్క్ ఖాళీగా కనిపించినప్పుడు గానీ తెలియలేదు. అప్పటినుంచి ఫార్మాట్ చేయవలసిన డిస్క్ ఒక్కటే తగిలించి, మిగిలినవన్నీ ఊడదీసి, ప్రతిదాని మీదా పేరు రాసిన కాగితం అంటిస్తున్నాను.

విండోస్‌లో చేయవలసినది తక్కువే. డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ ఎంచుకొని, ఫైల్ సిస్టమ్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్ పెట్టి, అలొకేషన్ యూనిట్ సైజును ఉన్నది ఉన్నట్టే వదిలి, క్విక్ ఫార్మాట్ చేస్తే చాలు. ఫ్యాట్32 ఎందుకు కాదని కొందరు అడుగుతుంటారు. అందులో ఒక్కొక్క ఫైలు 4 జీబీకి మించకూడదు, పైగా విండోస్‌లోని ఈ ఫార్మాట్ పెట్టె 32 జీబీ దాటిన డిస్కులకు ఆ ఎంపికనే చూపించడం లేదని చాలామంది గమనించే ఉంటారు. ఎక్స్‌ఫ్యాట్‌తో ఈ తంటాలేవీ లేవు. ఎక్స్‌ఫ్యాట్ చేసిన తరువాత కూడా కన్సోల్ డిస్క్‌ను గుర్తించకపోతే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని పార్టిషన్ పద్ధతి జీపీటీ అని ఉందేమో చూసి, ఎంబీఆర్‌కు మార్చి ప్రయత్నించండి. దీనికి కూడా డిస్క్‌ను పూర్తిగా ఖాళీ చేయాలి.

మరొక సభ్యురాలు

పైన చెప్పినవాటికి కేబుల్ సంగతి కూడా కలుపుతాను, ఎందుకంటే పాత డిస్కులతో సగం చిక్కులు అక్కడే వస్తాయి. బ్యాకప్ మధ్యలో డిస్క్ టిక్కు టిక్కుమంటూ ఆగిపోతే వెంటనే డిస్క్ పోయిందని అనుకోవద్దు. విడిగా అడాప్టరు లేని 2.5 అంగుళాల డిస్క్ తనకు కావలసిన కరెంటునంతా పోర్టు నుంచే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 ప్రకారం పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. మధ్యలో హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పరికరం) పెట్టినా, పొడవాటి నాసిరకం కేబుల్ వాడినా అది చాలక డిస్క్ తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంటుంది. హబ్ తీసేసి, పొట్టి కేబుల్‌తో నేరుగా కన్సోల్‌కే తగిలించండి. ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌కైతే హబ్ అసలు పనికిరాదు.

వేగం లెక్క కూడా ముందే వేసుకోవడం మంచిది. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున రాస్తుందనుకుంటే 400 జీబీకి గంటా పది నిమిషాల లోపే పడుతుంది. అదే యూఎస్‌బీ 2.0 మీద సెకనుకు 30 ఎంబీ వచ్చిందంటే మూడున్నర గంటలు దాటుతుంది. వాస్తవంలో ఇంకా ఆలస్యం కావచ్చు. బ్యాకప్ మొదలుపెట్టగానే కన్సోల్ రీస్టార్ట్ అయి, ఒక గీత చూపిస్తూ తన పని తాను చేసుకుపోతుంది. గీత కదలడం లేదని తొందరపడి పవర్ తీయవద్దు.

అడిగినవారు

ఫోటోలు కాపీ చేసి, తెరిచి చూసుకొని, డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాను. ఇప్పుడు బ్యాకప్ తెర దాన్ని చూపిస్తోంది. నొక్కే ముందు చూసుకోవలసినది ఇంకేమైనా ఉందా?

సమాధానం

మూడు విషయాలు ఉన్నాయి. ట్రోఫీలు, అంటే గేముల్లో మీరు సాధించిన గుర్తింపులు, బ్యాకప్‌లో చేరవు. ట్రోఫీల తెరలోకి వెళ్లి పీఎస్‌ఎన్‌తో (సోనీ ఆన్‌లైన్ సేవ అయిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌తో) సింక్ చేయండి, లేకపోతే ఆఫ్‌లైన్‌లో సంపాదించినవి పోతాయి. తరువాత, కన్సోల్‌లో ఉన్న యూజర్లందరూ పీఎస్‌ఎన్ ఖాతాతో అనుసంధానమై ఉన్నారో లేదో చూడండి. పిల్లల కోసం ఖాతా లేకుండా ఊరికే సృష్టించిన యూజర్లు ఉంటే, వారి సేవ్ డేటా ఇదే కన్సోల్‌లోకి తిరిగి వస్తుంది గానీ, రేపు వేరే పీఎస్4 కొంటే అందులోకి రాదు. మూడవది, రిస్టోర్ చేసినప్పుడు కన్సోల్‌లో అప్పటికి ఉన్నదంతా చెరిగిపోయి, బ్యాకప్‌లో ఉన్నది దాని స్థానంలోకి వస్తుంది. కొత్త డిస్క్ వేశాక ‘ఒకసారి ఆడి చూద్దాం’ అని రెండు రోజులు ఆడి, ఆ తరువాత రిస్టోర్ చేస్తే ఆ రెండు రోజుల ఆటా పోతుంది. రిస్టోరే మొదట చేయాలి.

నేనైతే ఒక్క బ్యాకప్‌ను నమ్ముకోను. అది సరిగ్గా వచ్చిందో లేదో రిస్టోర్ చేస్తే తప్ప తెలుసుకునే వీలు లేదు. అందుకని అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, సేవ్ ఫైళ్లను ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లోకి విడిగా కూడా కాపీ చేస్తాను. కన్సోల్ అందులో పీఎస్4 అనే ఫోల్డరు సృష్టించి వాటిని దాస్తుంది. ఆ ఫోల్డరు పేరు మార్చినా, దాన్ని ఇంకో ఫోల్డరులోకి జరిపినా కన్సోల్ మళ్లీ గుర్తుపట్టదు.

కొత్త లోపలి డిస్క్ 2.5 అంగుళాలది, 9.5 మిల్లీమీటర్ల మందానికి మించనిది, సాటా రకానిది కావాలి. అందులో సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఉండదు గనుక, పెన్‌డ్రైవ్‌లో పీఎస్4 ఫోల్డరు, దాని లోపల అప్‌డేట్ ఫోల్డరు సృష్టించి, సోనీ సైటు నుంచి పూర్తి ఇన్‌స్టాలేషన్ ఫైలును అందులో పెట్టుకోవాలి. మామూలు అప్‌డేట్ ఫైలు వేరు, పూర్తి ఇన్‌స్టాలేషన్ ఫైలు వేరు. చిన్నగా ఉన్నదాన్ని దించుకుంటే పని జరగదు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతోనే ఫోల్డర్ల పేర్లు ఉండాలి. పాత లోపలి డిస్క్‌ను కనీసం ఒక నెలపాటు ముట్టుకోకుండా ఉంచండి. ఏది బెడిసికొట్టినా దాన్ని మళ్లీ బిగిస్తే మీ కన్సోల్ విప్పిన రోజున ఎలా ఉందో అలాగే తెరుచుకునే అవకాశం ఉంటుంది.

మరొక సభ్యుడు

నాది పీఎస్5. ఇవన్నీ దానికీ వర్తిస్తాయా? నా యూఎస్‌బీ డిస్క్‌ను ముందువైపు పోర్టుకు తగిలిస్తే ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా తీసుకోవడం లేదు.

సమాధానం

మొదటి నమూనా పీఎస్5లో ముందువైపున్న వెడల్పాటి పోర్టు యూఎస్‌బీ 2.0 వేగానిది, అందుకే తీసుకోదు. వెనకవైపు పోర్టుకు తగిలించండి. బ్యాకప్‌కు ఇక్కడ కూడా ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 ఉన్న వేరే డిస్క్ కావాలి. ముఖ్యమైన తేడాలు రెండు. పీఎస్5 గేములను యూఎస్‌బీ డిస్క్‌లో దాచుకోవచ్చు గానీ అక్కడి నుంచి ఆడలేము, పీఎస్4 గేములైతే ఆడవచ్చు. పీఎస్5 గేముల సేవ్ ఫైళ్లను విడిగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం కుదరదు. వాటికి పీఎస్ ప్లస్ చందాతో వచ్చే క్లౌడ్ గానీ, మొత్తం కన్సోల్ బ్యాకప్ గానీ దారి.

ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ ఉన్నవారికి ఈ గొడవ తక్కువ. సేవ్ ఫైళ్లు చందా లేకుండానే క్లౌడ్‌లోకి వాటంతటవే చేరతాయి, బయటి డిస్క్ గేములకు మాత్రమే. నింటెండో స్విచ్ బయటి హార్డ్ డిస్క్‌ను గేముల కోసం తీసుకోనే తీసుకోదు. మైక్రో ఎస్‌డీ కార్డులోకి గేములు వెళ్లినా సేవ్ ఫైళ్లు కన్సోల్‌లోనే ఉంటాయి.

అడిగినవారు

పని పూర్తయింది. గేములు లేకుండా బ్యాకప్ 38 జీబీ వచ్చింది, అందులో ఎక్కువ భాగం నేను ఎప్పుడో రికార్డు చేసి మరిచిపోయిన వీడియోలే. కొత్త డిస్క్ బిగించి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, రిస్టోర్ చేశాను. సేవ్ ఫైళ్లన్నీ ఉన్నాయి. 2 టీబీ డిస్క్‌ను తగిలించగానే ఫార్మాట్ ప్రస్తావనే లేకుండా ఆరు గేములూ వరుసలో కనిపించాయి. ఒక్క గేముకు మాత్రం తాళం గుర్తు పడింది.

సమాధానం

సెట్టింగ్స్‌లో అకౌంట్ మేనేజ్‌మెంట్ కింద రిస్టోర్ లైసెన్సెస్ నొక్కి చూడండి. ఆ గేమును వేరే ఖాతాతో కొని ఉంటే, ఆ ఖాతాతో ఒకసారి సైన్ ఇన్ కూడా కావలసి ఉంటుంది.

అడిగినవారు

మా తమ్ముడి ఖాతాతో కొన్నది. వాడు సైన్ ఇన్ కాగానే తాళం పోయింది. పాత లోపలి డిస్క్‌కు ‘ముట్టుకోవద్దు’ అని కాగితం అంటించి సొరుగులో పెట్టాను.