అప్‌డేట్: కుండీలో బత్తాయి ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

మిద్దె మీద 18 అంగుళాల కుండీలోని సాత్‌గుడి బత్తాయి గురించి అడిగాను కదా: లేత ఆకులు పసుపెక్కి ఈనెలే పచ్చగా మిగులుతున్నాయని. ఇప్పుడు కొత్త చిగురు పచ్చగా వస్తోంది. పాత ఆకులు పెద్దగా మారలేదు. వాటిని చూసి మందు పనిచేయలేదనుకోవద్దు, చిగురునే చూడాలి.

లోపం ఇనుము, జింకులది. మట్టిలో అవి లేక కాదు. క్షారగుణమున్న బోరునీళ్లతో మట్టి సున్నపుగుణం పెరిగి, ఉన్న ఇనుమును వేరు తీసుకోలేకపోయింది. అలాంటప్పుడు మట్టిలో ఎంత అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) వేసినా దండగే. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం లేత ఆకుల రెండువైపులా తడిసేలా కొట్టాలి. జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు వారం తర్వాత విడిగా. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

రెండో తప్పు కుండీ కింద ప్లేటు. అందులో నిలిచిన నీటికి పీచు వేళ్లు కుళ్లాయి. ప్లేటు తీసి కుండీని ఇటుకల మీదికెత్తాక, పైమట్టి 2 అంగుళాల లోతున పొడిగా తగిలితేనే నీళ్లు.

అన్నట్టు, అంటు కట్టు కిందనుంచి ముళ్లతో జోరుగా లేచిన కొమ్మ బత్తాయి కాదు, వేరుమూలానిది, అంటే బత్తాయిని అంటు కట్టిన కింది మొక్కది. దాన్ని మొదలంటా తీసేయాలి, లేకపోతే పైచెట్టును మింగేస్తుంది.