గుంటూరు నుంచి డాలస్‌కి డెస్క్‌టాప్: విప్పి తీసుకెళ్లాలా, క్యాబినెట్‌తో సహా పంపాలా?

బ్రాడీపేట_4వలైన్

నమస్తే అండీ. ఆగస్టు రెండో వారంలో డాలస్ ప్రయాణం. గుంటూరు నుంచి శంషాబాద్ దాకా కారు, అక్కణ్నుంచి దుబాయ్ మీదుగా విమానం. టికెట్ మీద 23 కిలోల చెకిన్ బ్యాగులు రెండు, క్యాబిన్‌కి 7 కిలోలు అని ఉంది. త్రీడీ పనంతా డెస్క్‌టాప్ మీదే కాబట్టి తీసుకెళ్లక తప్పదు.

రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, ప్రాసెసర్‌ని చల్లబరిచే టవర్ కూలర్, 16 జీబీ ర్యామ్ రెండు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎం.2 ఎస్ఎస్‌డీ, 2 టీబీ హార్డ్ డిస్క్, 650 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు అందించే డబ్బా), గ్లాసు తలుపున్న మిడ్ టవర్ క్యాబినెట్. ఇవి కాక 24 అంగుళాల మానిటర్, యూపీఎస్.

మొత్తం అట్టపెట్టెలో పెట్టి చెకిన్‌లో వేసేయొచ్చా? విప్పితే ఏది చేతిలో, ఏది లగేజీలో? అక్కడ కరెంటు 120 వోల్టులట, ఎస్ఎంపీఎస్ కాలిపోదు కదా? ఎక్స్‌రేలో డిస్కులు పోతాయని ఒకరన్నారు, నిజమేనా?

పటమట_బిల్డ్స్

క్యాబినెట్, మానిటర్, యూపీఎస్ ఇక్కడే అమ్మేయండి. మిగతావి విప్పి పట్టుకెళ్లండి. ఖాళీ క్యాబినెట్టే 6 నుంచి 8 కిలోలు తూగుతుంది. అంటే ఒక బ్యాగులో మూడో వంతు రేకుకే పోతుంది. యూపీఎస్‌లో లెడ్ బ్యాటరీ ఉంటుంది, పైగా అది 230 వోల్టులకు చేసినది, అక్కడ ఎందుకూ పనికిరాదు.

బరువు ఒక్కటే కాదు. క్యాబినెట్ నిలబెట్టినప్పుడు గ్రాఫిక్స్ కార్డు, టవర్ కూలర్ రెండూ బోర్డు నుంచి అడ్డంగా గాల్లోకి పొడుచుకొని ఉంటాయి. బల్ల మీద కదలకుండా ఉన్నంతసేపూ పర్లేదు. లగేజీ బెల్టు మీంచి ఒక్కసారి పడితే ఆ బరువంతా కుదుపుతో కలిసి కార్డు గుచ్చిన స్లాటునీ, కూలర్ స్క్రూలనీ లాగుతుంది. స్లాటు విరుగుతుంది, లేదా దాని కింద టంకం కంటికి కనపడకుండా పగులుతుంది. రెండోదే ఎక్కువ బాధ. కంప్యూటర్ ఒకరోజు ఆన్ అవుతుంది, మర్నాడు కాదు, కారణం దొరకదు.

చేతి సంచిలోకి: కార్డు, బోర్డు (ప్రాసెసర్, ర్యామ్, ఎం.2 దాని మీదే ఉండనివ్వండి), హార్డ్ డిస్క్. మూడూ కలిపి డబ్బాలతో 4 కిలోల లోపే. ఎస్ఎంపీఎస్, కూలర్, కేబుళ్లు చెకిన్‌లోకి.

కూలర్ తీసేటప్పుడు మాత్రం తొందరపడకండి. మీ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు ఏఎం4 సాకెట్, అంటే 1331 పిన్నులూ ప్రాసెసర్‌కే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ని నిలువుగా పైకి లాగితే, రెండింటి మధ్య రాసిన పేస్టు గట్టిపడి ప్రాసెసర్‌ని పట్టుకొని సాకెట్ లివర్ వేసి ఉండగానే ఊడబెరుకుతుంది. పిన్నులు వంగేది అప్పుడే. ముందు 10–15 నిమిషాలు ఏదైనా రెండర్ నడిపి వేడెక్కించండి. షట్‌డౌన్ చేసి, వైరు పీకి, స్క్రూలు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా మార్చి మార్చి వదులు చేయండి. తర్వాత కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతుంటే పేస్టు పట్టు విడుస్తుంది. అప్పుడు ఎత్తండి. ప్రాసెసర్‌ని సాకెట్‌లోనే ఉంచి పైన పేస్టు తుడిచేయండి. స్క్రూలు తీశాక బోర్డు వెనకాల కూలర్‌ని పట్టి ఉంచే బ్యాక్‌ప్లేట్ ఊడి పడొచ్చు, దాన్ని కూలర్ డబ్బాలో వేసుకోండి. చాలామంది మర్చిపోయేది అదే.

బోర్డునీ కార్డునీ వెండి రంగు యాంటీ స్టాటిక్ కవర్లలో పెట్టి, ఆ పైన బబుల్ షీటు చుట్టండి. బబుల్ షీటు నేరుగా తగలకూడదు, దానికి స్టాటిక్ పుడుతుంది. బోర్డు కొన్నప్పటి డబ్బా ఉంటే అంతకు మించింది లేదు. లేకపోతే అరండల్‌పేటలో కంప్యూటర్ షాపువాళ్లని ఖాళీ డబ్బా, కవరు అడిగి చూడండి. స్క్రూలు ఏ పార్టువి ఆ పార్టు జిప్ కవర్లో వేసి, మీద పేరు రాయండి. కొన్ని స్క్రూల మర సన్నం, కొన్నిటిది ముతక. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే మర పోతుంది.

ఇంకొకటి. ఆవకాయ, నెయ్యి పెట్టే బ్యాగులో పార్టులు పెట్టొద్దు. ఎంత గట్టిగా సీలు చేయించినా దారిలో నూనె ఊరొచ్చు. ఉప్పు కలిసిన నూనె ఎస్ఎంపీఎస్ జల్లెడలోంచి లోపలికి పోతే దాన్ని పూర్తిగా శుభ్రం చేయడం కుదరదు.

కృష్ణలంక_ఎలక్ట్రికల్

కరెంటు సంగతి. ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్ మీద ఇన్‌పుట్ అన్న వరస చదవండి. 100–240 వోల్టులు, 50–60 హెర్ట్జ్ అని ఉంటే ఏమీ చేయక్కర్లేదు, అదే సర్దుకుంటుంది. 200–240 అని మాత్రమే ఉంటే అక్కడ పనిచేయదు, వదిలేయండి. మన దగ్గర దొరికే చవక రకాల్లో ఇలాంటివి ఉంటాయి. పాత వాటికి వెనకాల 115/230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అక్కడికి వెళ్లాక 115కి జరపాలి. మళ్లీ ఇండియా వచ్చి 115 మీదే ఉంచి ప్లగ్ పెడితే ఠప్పుమని పోతుంది.

వైరుకి ఎస్ఎంపీఎస్ వైపు కొన ప్రపంచమంతా ఒకటే, గోడ వైపు ప్లగ్గే మారుతుంది. అందుకని ట్రావెల్ అడాప్టర్ మీద డెస్క్‌టాప్ నడపొద్దు, చాలా అడాప్టర్లలో ఎర్త్ ఉండదు. అక్కడి మూడు పిన్నుల వైరు ఒకటి కొనుక్కోండి. వోల్టేజి సగం కాబట్టి కరెంటు రెట్టింపు లాగుతుంది. మీ మెషీన్ గోడ నుంచి 450 వాట్లు తీసుకుంటే ఇక్కడ 2 ఆంపియర్లు, అక్కడ సుమారు 3.75. మన స్పైక్ బస్టర్ కూడా తీసుకెళ్లకండి. అందులో రక్షణ భాగం 230 వోల్టుల లెక్కన పెట్టినది, 120 వోల్టుల లైన్లో సర్జ్ వస్తే అది అడ్డుకోవడం మొదలుపెట్టేసరికే ఆలస్యమవుతుంది.

ఒకవేళ ఎస్ఎంపీఎస్ ఇక్కడే వదిలేస్తే దాని మాడ్యులర్ (ఊడదీయగలిగే) కేబుళ్లు కూడా వదిలేయండి. కొన పట్టినంత మాత్రాన లోపలి వైరింగ్ ఒకటి కాదు. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కి పెడితే హార్డ్ డిస్క్‌కి 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్లొచ్చు. డిస్క్ అక్కడికక్కడే చచ్చిపోతుంది.

వన్‌టౌన్_ర్యాక్

క్యాబినెట్ వదిలేయమనడం అందరికీ వర్తించదు. కొన్నప్పటి అట్టపెట్టె, థర్మోకోల్ ఉంటే దాన్నీ పంపొచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి సాధారణంగా 158 సెం.మీ. లోపు ఉండాలి, మీ విమాన సంస్థ పరిమితి ఒకసారి చూసుకోండి. మిడ్ టవర్ పెట్టె 55, 32, 55 అనుకుంటే 142, సరిపోయింది. కానీ కార్డు, కూలర్, డిస్కులు బయటికి తీయాల్సిందే, గ్లాసు విడిగా అట్టముక్కల మధ్య పెట్టాల్సిందే. ఖాళీ అయిన లోపలి చోటంతా ఫోమ్‌తో నింపాలి. ఆటోనగర్‌లో సీట్లు కుట్టే షాపుల్లో గట్టి ఫోమ్ ముక్కలు అడగండి, దూది మెత్తదనం ఉన్నది వద్దు. ఇన్ని చేసి పంపేంత మంచి క్యాబినెట్ అయితేనే. మామూలుదైతే పటమట గారు చెప్పిందే నయం.

సెక్యూరిటీ వాళ్లు చెకిన్ బ్యాగు మీరు లేకుండానే తెరవొచ్చు. తెరిచినవాళ్లు మళ్లీ సర్దగలిగేలా పెట్టండి. చుట్టలు చుట్టలుగా టేపు వేస్తే కోసేస్తారు. పైన లోపల ఎలా సర్దారో ఫోటో ప్రింట్ ఒకటి ఉంచితే మేలు.

గన్నవరం_చెకిన్

ఎక్స్‌రేతో ఎస్ఎస్‌డీకీ హార్డ్ డిస్క్‌కీ ఏమీ కాదు. హార్డ్ డిస్క్‌కి అసలు శత్రువు దెబ్బ. అందుకే అది చేతిలో ఉండాలి.

చెకింగ్ దగ్గర బోర్డు, కార్డు సంచిలోంచి తీసి ట్రేలో విడిగా పెట్టండి, అడక్కముందే. తీగలూ పార్టులూ కలగాపులగంగా కనిపిస్తే బ్యాగు మొత్తం విప్పిస్తారు. స్క్రూడ్రైవర్ చెకిన్‌లో వేయండి. పవర్ బ్యాంకు మాత్రం క్యాబిన్‌లోనే. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ ఉన్నచోటే ఉండనివ్వండి. దుమ్ము ఊదే గ్యాసు డబ్బా రెండింట్లోనూ వద్దు. పేస్టు తుడిచే ఆల్కహాల్ అక్కడ మందుల షాపుల్లో దొరుకుతుంది.

జీఎస్టీ బిల్లుల జిరాక్సులు పెట్టుకోండి. మళ్లీ వెనక్కి తెచ్చే ఆలోచన ఉంటే చెకిన్‌కి ముందే శంషాబాద్ కస్టమ్స్ దగ్గర వస్తువు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, సీరియల్ నంబర్లతో. చెకిన్ బ్యాగులో వస్తువు పగిలితే విమానాశ్రయంలోనే రిపోర్టు రాయించండి. రాతపూర్వక ఫిర్యాదుకి గడువు 7 రోజులు. 2024 డిసెంబర్ 28 నుంచి పరిహారం పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్లు), అది ఒక ప్రయాణికుడి సామానంతటికీ కలిపి. పెళుసు వస్తువుల విషయంలో ప్యాకింగ్ బాలేదని విమాన సంస్థ వాదించొచ్చు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి, ఖరీదైనది చేతిలోనే ఉంచుకోండి.

బయల్దేరే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) వాడుతుంటే దాని రికవరీ కీ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. బోర్డులోని బయోస్ సెట్టింగులు పోతే విండోస్ అదే అడగొచ్చు.

బ్రాడీపేట_4వలైన్

అందరికీ థాంక్స్ అండీ. లేబుల్ మీద 100–240 ఉంది. క్యాబినెట్ అమ్మేస్తున్నా. వెళ్లిన రోజే బిగించి ఆన్ చేయొచ్చా?

పటమట_బిల్డ్స్

చెకిన్‌లో వచ్చినవి కవరు తెరవకుండా గదిలో ఒక పూట ఉంచండి. చల్లటి లోహానికి బయటి గాలి తగిలితే చెమ్మ పడుతుంది. మన కృష్ణా తీరపు ఉక్కలో స్టాటిక్ గొడవ పెద్దగా తెలియదు. అక్కడ ఏసీ గది, కార్పెట్, పొడిగాలి. కార్పెట్ మీద కూర్చొని బిగించొద్దు. చెక్కబల్ల మీద పెట్టుకుని, వట్టి కాళ్లతో, మధ్యమధ్య అక్కడ కొన్న క్యాబినెట్ రేకు ముట్టుకుంటూ చేయండి.

ముందు బోర్డు డబ్బా మీదే ఎస్ఎంపీఎస్, కూలర్, ఒక ర్యామ్, కార్డుతో ఆన్ చేసి చూడండి. వెలిగాకే క్యాబినెట్‌లో బిగించండి. మానిటర్ వైరు కార్డుకే పెట్టాలి. మీ 5600లో గ్రాఫిక్స్ లేదు, బోర్డు వెనకాల హెచ్‌డీఎంఐకి పెడితే తెర నల్లగానే ఉంటుంది.