నున్నటి పురుగుని కూడా గొంగళి పురుగు అనొచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. ఒకటో తరగతి పిల్లలకి సీతాకోకచిలుక పాఠం చెప్తున్నాను. గుడ్డు, గొంగళి పురుగు, ప్యూపా అంటూ బోర్డు మీద బొమ్మలు వేశాను. తీరా కరివేపాకు చెట్టు దగ్గరికి తీసుకెళ్లి పురుగుని చూపిస్తే, "ఇది గొంగళి పురుగు కాదండి, బొచ్చేదీ?" అన్నాడొకడు. ఏం చెప్పమంటారు?

జవాబు: వాడికి తెలుగు బాగా తెలుసండి! గొంగళి అంటే గొర్రె బొచ్చుతో నేసిన ముతక దుప్పటి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం అనే సామెత ఉండనే ఉంది. కంబళి పురుగు అన్నా అదే కథ. తమిళులు కంబళిప్పూచ్చి అంటారు, కన్నడిగులు కంబళిహుళు అంటారు. అందరి కంటికీ ముందు ఆనింది ఆ బొచ్చే. ఒంటికి తగిలితే దద్దుర్లు లేచే ఈ బొచ్చు పురుగుల్లో చాలావరకు సీతాకోకచిలుకలు కావు, రాత్రిపూట దీపాల దగ్గర మూగే రెక్కల పురుగులవుతాయి.

ఇది వట్టి మాటల గొడవ కాదండి. గొంగళి పురుగు అన్నారంటే ఇంట్లో ముందు "ముట్టుకోకు, దురద" అంటారు, ఆ వెంటనే చీపురు తెస్తారు. కరివేపాకు మీదున్న మీ పురుగు దురద పెట్టదు. బహుశా అది నిమ్మజాతి చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుకది. చిన్నగా ఉన్నప్పుడు పిట్ట రెట్టలా కనిపిస్తుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటికి తీసి ఘాటు వాసన కొడుతుంది. పిల్లలకి అది ఒక్కసారి చూపించండి, ఇక చంపమన్నా చంపరు.

నేనైతే మొక్క పేరుతోనే పిలవమంటాను: కరివేపాకు పురుగు, జిల్లేడు పురుగు. ఏ ఆకు పోతే ఏ సీతాకోకచిలుక పోతుందో ఆ పేరులోనే ఉంటుంది. జిల్లేడు పురుగుకి నలుపు, తెలుపు, పసుపు చారలుంటాయి. అది తిన్న జిల్లేడులోని విషం రెక్కలొచ్చాక కూడా ఒంట్లో ఉండిపోతుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. మనకేమో జిల్లేడు చవితి పత్రికీ రథసప్తమి స్నానానికీ కావాలి, మిగతా రోజుల్లో కాలవగట్టు మీద కనిపిస్తే పీకేస్తాం.

ఇంకొకరు: కడియంలో నర్సరీ అండి మాది. మీరు ముద్దుగా పేరు పెడతానంటున్న పురుగు మా నిమ్మ మొక్కల్ని మోడు చేసేస్తోంది. మందు కొట్టకపోతే ఎవరు కొంటారు?

జవాబు: నిజమేనండి, లేత మొక్కకి అది చీడే. కాదనను. కానీ బడిలో ఏపుగా ఎదిగిన కరివేపాకు చెట్టుకి నాలుగు పురుగుల వల్ల పోయేదేం లేదు. మీరు కూడా కొన్నే కనిపిస్తే చేత్తో ఏరి ముదురు నిమ్మచెట్టు మీద వేసేయొచ్చు, దురద పెట్టదు కదా.

మొదట అడిగిన టీచరు: మా పిల్లలు అప్పుడే పేరు పెట్టేశారండి. "కంపు పురుగు" అంట.

జవాబు: ఆయ్, అదే ఖాయం చేయండి. నా కరివేపాకు పురుగు కన్నా బాగుంది.