పెయింట్ వేసి ఏడు నెలలు కాలేదు, గోడ అడుగున లప్పం పెచ్చులుగా ఊడుతోంది. తప్పు మెటీరియల్‌దా, మేస్త్రిదా?

సింగ్‌నగర్ గ్రౌండ్‌ఫ్లోర్:
నమస్తే అండి అందరికీ. మాది విజయవాడ సింగ్‌నగర్, 2009లో కట్టిన ఇల్లు, ఇటుక గోడలే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు నడుం లోతు నీళ్లు ఇంట్లోకి వచ్చి ఆరు రోజులు ఉండిపోయాయి, ఆ కథ ఇక్కడ చాలామందికి నేను చెప్పక్కర్లేదు. డిసెంబరు దాకా ఆగి, సంక్రాంతికి చుట్టాలొస్తారని తొందరపడి రెండు కోటింగులు లప్పం, ప్రైమరు, రెండు కోటింగులు ఎమల్షన్ పెయింట్ వేయించాం. మెటీరియల్, కూలీ కలిపి 40 వేలు దాటింది. జూన్‌లో నాలుగు వానలు పడ్డాయో లేదో, సందు వైపు గోడ కింద నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తు వరకు ఉబ్బడం మొదలైంది. వేలితో నొక్కితే లోపల బోలుగా తగులుతుంది, గీరితే పెచ్చు ఊడి వస్తుంది, దాని కింద తెల్లగా దూదిలాంటి ఉప్పు. పొద్దున్నే ఊడిస్తే చేటెడు పొడి వస్తోంది. పెయింటరేమో లప్పం నాసిరకం అంటాడు, షాపాయన పెయింటర్‌కి పని రాదంటాడు. హాలుకీ బెడ్‌రూమ్‌కీ మధ్య గోడ మాత్రం ఇప్పటికీ అద్దంలా ఉంది. నేను ఎవరి మీద అరవాలి, మళ్ళీ ఏం కొనాలి?

పటమట కుర్రాడు:
అన్నా, ఆ గొడవంతా ఎందుకు, మూడడుగుల ఎత్తు వరకు టైల్స్ అంటించెయ్. మా బాబాయి వాళ్ళింట్లో అలాగే చేశారు, చూడ్డానికీ బాగుంది, తుడుచుకుంటే పోతుంది.

లప్పం పట్టిన చెయ్యి:
తమ్ముడూ, బాబాయి వాళ్ళింట్లో టైల్స్ పైన గోడ ఎలా ఉందో ఒకసారి వెళ్ళి చూడు. చెమ్మకి బయటికొచ్చే దారి మూసేస్తే అది పైకి ఎక్కుతుంది, మూడడుగుల టైల్స్ పెడితే నాలుగో అడుగులో ఊడుతుంది. ఆయిల్ పెయింట్ కొట్టినా ఇదే తంతు.

సింగ్‌నగర్ గారూ, నేను ఇరవై రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, అందుకే మా వాళ్ళ తప్పులు కూడా దాచకుండా చెప్తా. ముందు ఊడిన పెచ్చు తీసి వెనక్కి తిప్పి చూడండి. వెనకాల నున్నగా రంగు మాత్రమే ఉంటే లప్పానికీ రంగుకీ మధ్య పట్టు పోయినట్టు, సాధారణంగా అరగదీసిన పొడి తుడవకుండా ప్రైమర్ కొట్టేస్తే అలా అవుతుంది. లప్పంతో సహా వచ్చి గోడ మీద ప్లాస్టింగ్ శుభ్రంగా మిగిలితే, లప్పం గోడని పట్టుకోలేదన్న మాట. మీ విషయంలో వరద బురద సన్నటి పొరగా ఉండిపోయి, దాని మీదే లాగేశారేమో చూడండి. అదే పెచ్చు వెనక ఇసుక అంటుకుని వస్తే మాత్రం ప్లాస్టింగే చచ్చిపోయింది, అక్కడ మా చేతిలో ఏమీ లేదు, తాపీ మేస్త్రిని పిలవాలి.

రెండో పరీక్ష, ఆ పెచ్చు ఒకటి గ్లాసు నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి కరిగి పాలలా అయిపోతే అది సుద్ద లప్పం, సిమెంట్ లప్పం అని చెప్పి మీకు అంటగట్టారు. గట్టిగా అలాగే ఉంటే మెటీరియల్‌ని తిట్టకండి.

ఇంకోటి, ఇది చెప్తే మా వాళ్ళు నన్ను తిడతారు. సిమెంట్ లప్పం కలిపాక రెండు మూడు గంటల్లో వాడేయాలి. పొద్దున కలిపిన బకెట్ భోజనాలయ్యేసరికి బిగుసుకుంటుంది, పారేయడానికి మనసొప్పక చెంబెడు నీళ్లు పోసి మళ్ళీ తిప్పుతారు. చూడ్డానికి వెన్నలా ఉంటుంది కానీ దానికి ప్రాణం ఉండదు. పని జరిగేటప్పుడు మధ్యాహ్నం రెండింటికి ఒకసారి బకెట్ దగ్గర నిలబడండి, చాలు.

బ్రాడీపేట పాతిల్లు:
గుంటూరు నుంచి. మాది తాతగారు గానుగ సున్నంతో కట్టిన ఇల్లు, అరవై ఏళ్ళు ఏ పేచీ లేదు. నేనే తెలివి ఎక్కువై సున్నం గార ఊడగొట్టించేసి మొత్తం సిమెంట్ ప్లాస్టింగ్ చేయించా. రెండేళ్ళలో మీరు చెప్పినట్టే ఉప్పు, పెచ్చులు. తర్వాత ఒక పెద్ద మేస్త్రి చెప్పాడు, సున్నం గోడ చెమ్మని పీల్చి వదిలేస్తుంది, సిమెంట్ దాన్ని లోపలే బంధిస్తుంది అని. మీది 2009 ఇల్లు కాబట్టి ఇది మీకు వర్తించదు గానీ, పాత ఇళ్ళ వాళ్ళు ఎవరైనా చదువుతుంటే నాలా చేయకండి. ఒక్క మాట మీకు కూడా, ఆ ఉప్పుని తడిగుడ్డతో తుడవకండి, కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి, కింద పేపర్ పరిచి ఎత్తి బయట పారేయండి.

సైటు ఇంజినీరు:
అందరూ లప్పం గురించి మాట్లాడుతున్నారు, అసలు విషయం ప్రశ్నలోనే ఉంది. మధ్య గోడ కూడా అదే వరదలో అదే నడుం లోతు మునిగింది, అదే లప్పం, అదే పెయింటర్, అదే వారం. అది అద్దంలా ఉందంటే మెటీరియలూ కాదు, మేస్త్రీ కాదు, మిగిలిపోయిన వరద తడి కూడా కాదు. వరద తడి అయితే నడుం ఎత్తు దాకా అంతా ఊడాలి. మీది రెండున్నర అడుగుల దగ్గర ఆగింది, అంటే నేలలో నుంచి నీళ్ళు ఇటుకల గుండా పైకి పాకుతున్నాయి, దీపం వత్తి నూనె పీల్చినట్టు. మామూలుగా ఇలాంటి చెమ్మ ఓ మీటరు లోపే ఆగుతుంది. నీళ్ళు ఆవిరైపోతాయి, అవి మోసుకొచ్చిన ఉప్పు గోడ మీద మిగులుతుంది, ఆ ఉప్పు స్ఫటికాలు పెరిగి లప్పాన్ని వెనక నుంచి తోస్తాయి. అంతే మీ ఉబ్బు.

నాకు రెండు సంగతులు కావాలి. ఆ గోడకి అవతల బాత్రూమ్ గానీ కుళాయి పైపు గానీ ఉందా? ఉంటే రాత్రి కుళాయిలన్నీ కట్టేసి నీళ్ళ మీటరు తిరుగుతుందేమో చూడండి. రెండోది, సందులో నేల మీ లోపలి గచ్చు కన్నా ఎంత కిందకి ఉంది? కంటితో చూసి చెప్పకండి, లెవెల్ ట్యూబు, అదే మేస్త్రిలు మట్టం చూసే నీళ్ళ గొట్టం, పెట్టి కొలవండి.

సింగ్‌నగర్ గ్రౌండ్‌ఫ్లోర్:
బాత్రూమ్ అటు లేదండి, పైపు కూడా లేదు. పెచ్చు గ్లాసులో వేశా, కరగలేదు. పెయింటర్‌ని పొద్దునే ఫోన్లో కడిగేశా, ఇప్పుడు ఎలా మాట్లాడాలో తెలియట్లేదు.

నిన్న సాయంత్రం మేస్త్రి దగ్గర లెవెల్ ట్యూబు తెచ్చి కిటికీలోంచి పెట్టాం. లోపలి కొన మా ఆవిడ పట్టుకుంది, బయట నేను. మూడుసార్లు చూశా, నమ్మబుద్ధి కాలేదు. సందు మా గచ్చు కన్నా కింద కాదు, నాలుగు అంగుళాలు పైన ఉంది! అప్పుడు గుర్తొచ్చింది. వరద తర్వాత ఇంట్లోంచి తీసిన పగిలిన టైల్స్, రాబిష్ అంతా ఎక్కడ పారేయాలో తెలియక ఆ సందులోనే పోయించి, మళ్ళీ నీళ్ళొస్తే నిలవకూడదని పైన సిమెంట్ చేయించింది నేనే. వాలు కూడా మా గోడ వైపే ఉంది, చెంబుతో నీళ్ళు పోసి చూశా.

సైటు ఇంజినీరు:
దొరికింది. కట్టినప్పుడు చెమ్మ ఆపడానికి బేస్‌మెంట్ మట్టంలో డీపీసీ పొర వేసి ఉంటారు. మీరు దాన్ని దాటించి బయట రాబిష్ నింపారు, వాన నీళ్ళు డీపీసీ పైనుంచే నేరుగా గోడలోకి వెళ్తున్నాయి. ఎంత ఖరీదైన డ్యాంప్‌ప్రూఫ్ డబ్బా కొన్నా ఇది ఆగదు.

సందులో గోడని ఆనుకుని అడుగు వెడల్పు కోయించి, లోపలి గచ్చు కన్నా కనీసం ఆరు అంగుళాలు కిందకి దింపండి, వాలు గోడకి దూరంగా పెట్టండి. కుదిరితే సందు మొత్తం దింపడమే మంచిది. లోపల ఉప్పు కనిపించిన ఎత్తుకి ఇంకో అడుగు పైదాకా ప్లాస్టింగ్ ఊడగొట్టేసి, ఇటుకల మధ్య సందులు అరంగుళం గీకించి అలా వదిలేయండి. గోడ సిగ్గు లేకుండా నిలబడాలి కొన్ని నెలలు, చుట్టాలు ఏమనుకున్నా సరే. తొమ్మిది అంగుళాల గోడ నానితే వారాల్లో ఆరదు. మందపాటి పాలిథిన్ కవర్ రెండడుగుల ముక్క, నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచండి, లోపలి వైపు నీటి బొట్లు పడితే ఇంకా ఆరనట్టే. ఆరాకే ఒక పాలు సిమెంట్‌కి నాలుగు పాళ్ళు ఇసుకతో ప్లాస్టింగ్. వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపితే డబ్బా మీద రాసినంతే, మామూలుగా 50 కిలోల సిమెంట్ బస్తాకి 200 మి.లీ. ఉంటుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ గట్టి అనుకునే మేస్త్రిలున్నారు, ఒప్పుకోకండి. కలిపే నీళ్ళు, క్యూరింగ్‌కి అంటే ప్లాస్టింగ్ తడపడానికి వాడే నీళ్ళు ఉప్పగా ఉండే బోరువి అయితే వద్దు, కొత్త ఉప్పుని మీరే లోపలికి పంపినట్టవుతుంది.

లప్పం పట్టిన చెయ్యి:
పెయింటర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పెయ్యండి సార్, ఏమీ అనుకోడు. డిసెంబరులో తడి గోడ అని చెప్పకుండా పని ఒప్పుకోవడం అతని తప్పే, అది కూడా అనండి.

సింగ్‌నగర్ గ్రౌండ్‌ఫ్లోర్:
చేశానండి, నవ్వాడు. ఈ సందు సగం పక్కింటి వాళ్ళది, వాళ్ళ వైపు కూడా నేనే ఎత్తు చేయించా, అప్పుడు థాంక్స్ కూడా చెప్పారు పాపం. ఇప్పుడు వెళ్ళి వాళ్ళ గోడ అడుగున చెయ్యి పెట్టి చూడాలి.