కాస్టా దివా: నాలుగు శ్రుతిలోనా, ఐదులోనా? యాప్ చెప్పే టెంపో, మూడ్ నమ్మొచ్చా?

శ్రుతిపెట్టె
బెల్లినీ ఒపెరా (పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం) ‘నోర్మా’లోని ‘కాస్టా దివా’ ఆరియా, అంటే ఒక్కరు పాడే పాట. చంద్రదేవతని వేడుకునే ప్రార్థన ఇది. మారియా కాలస్ 1954 రికార్డింగ్‌కి (కండక్టర్ సెరాఫిన్) పాటని విని శ్రుతి, వేగం చెప్పే యాప్ ‘ఎఫ్ మేజర్, 120 బీపీఎం (నిమిషానికి దెబ్బలు), విషాదం’ అంటోంది. జోన్ సదర్‌లాండ్ 1964 రికార్డింగ్ జీ మేజర్‌లో ఉంది. మన లెక్కలో ఒకటి నాలుగు శ్రుతి, ఇంకోటి ఐదు. బెల్లినీ స్వహస్తంతో రాసింది జీలోనే కదా, అలాంటప్పుడు ఎఫ్‌లో పాడినవన్నీ సౌకర్యం కోసం దించినవే అంటాను. కాదనేవాళ్ళు చెప్పండి.

విలంబకాలం
కాదనే అంటాను. కచ్చేరీలో పాడేవాళ్ళ శ్రుతే శ్రుతి, దాన్ని తప్పనం. పైగా ఎఫ్‌లో పాడటం ఇప్పటి బద్ధకం కాదు, చాలా కాలంగా స్థిరపడిన పద్ధతి. అచ్చు స్కోర్లు కూడా మామూలుగా ఎఫ్‌లోనే దొరుకుతాయి.

శ్రుతిపెట్టె
కచ్చేరీ పోలిక ఇక్కడ సరిగ్గా అతకదండీ. తంబురా శ్రుతి మార్చుకుంటే మనకి పని అయిపోతుంది. ఇక్కడ ఆర్కెస్ట్రా మొత్తం కదలాలి. జీలో అయితే షడ్జం జీ, పంచమం డీ రెండూ వయొలిన్ ఖాళీ తీగలే, కాబట్టి వాయిద్యం తనంతట తానే మోగుతుంది. ఎఫ్‌లో షడ్జానికీ పంచమానికీ వయొలిన్‌లో ఖాళీ తీగ లేదు. సీ తీగ వయోలాకీ చెల్లోకీ మాత్రమే ఉంది. వెన్నెల పాటకి ఆ మసకే బాగుందనేవాళ్ళు ఉన్నారు, అది వేరే మాట.

పాతప్లేటు
గొడవంతా పై స్థాయి స్వరం గురించే అనుకుంటారు గానీ, అసలు కష్టం దాని ముందు ఉంది. శిఖరానికి చేరేముందు ఒకే స్వరాన్ని లయకి ఎదురుగా, బలం పెంచుకుంటూ మళ్ళీ మళ్ళీ పట్టాలి. ఎఫ్‌లో అది ఏ, తర్వాత ఒక్క బీ ఫ్లాట్. జీలో అదే బీ, తర్వాత సీ. ఒక్క సీ చాలామంది సోప్రానోలు (పై స్థాయి పాడే గాయనులు) కొడతారు. వరసగా బీలు పట్టి, గొంతు బిగిసిపోకుండా, అది ప్రార్థనలా వినిపించడం కొద్దిమందికే సాధ్యం. బిగిస్తే చంద్రుణ్ణి వేడుకుంటున్నట్టుండదు, గద్దిస్తున్నట్టుంటుంది.

విలంబకాలం
‘నోర్మా’ వచ్చిన 1831లో వాయిద్యాల శ్రుతి ఇప్పటికంటే తక్కువ, అప్పటి జీ అంటే ఇప్పటి ఎఫ్‌కి దగ్గరే అని కూడా వాదిస్తారు కదా?

పాతప్లేటు
లెక్క వేస్తే నిలవదు. అప్పటి ఏ స్వరం 430 హెర్ట్జ్ అనుకుందాం. ఇప్పటి 440తో పోలిస్తే తేడా సుమారు 40 సెంట్లు (అర స్వరానికి 100 సెంట్లు). జీకీ ఎఫ్‌కీ మధ్య 200 సెంట్లు. 40 తీసేసినా అది కాస్త దిగిన జీయే, ఎఫ్ అవదు.

తిశ్రగతి
టెంపో సంగతి ఎవరూ ఎత్తలేదు. స్కోరులో ఉన్నది 12/8, ఆందాంతే సొస్తెనూతో అస్సాయ్ (బాగా నిలుపుతో నెమ్మదిగా). అంటే బార్‌కి నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి తిశ్రం, అంటే మూడు చిన్న అక్షరాలు. యాప్ ఆ చిన్న అక్షరాల్ని దెబ్బలుగా లెక్కపెట్టి 120 అంటోంది. మూడుతో భాగిస్తే 40, అసలు దెబ్బ అది. కొన్ని యాప్‌లు 80 చూపిస్తాయి, అది 40కి రెట్టింపు. పైగా పాడేవాళ్ళు వాక్యం చివర సాగదీసి మళ్ళీ అందుకుంటారు, కాబట్టి సగటు అంకె ఏదైనా అర్ధసత్యమే.

ఊపిరికి మాత్రం ఈ అంకె ముఖ్యం. దెబ్బ 40 అయితే ఒక బార్ 6 సెకన్లు, రెండు బార్ల వాక్యం 12. 50 అయితే 9.6. ఆ రెండున్నర సెకన్లు కలిసిరాకపోతే మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది. అలాగని 60కి తోస్తే కింద వాయిద్యాల్లో విరిసే తిశ్రాలు డాన్సు లయలోకి జారి, కోరస్ వచ్చేసరికి పాట తేలిపోతుంది.

శ్రుతిపెట్టె
మరి మూడ్? విషాదం అంటే ఒప్పుకుంటారా?

తిశ్రగతి
అస్సలు. ఇది మేజర్ స్కేలు, మన శంకరాభరణం స్వరాలే. నెమ్మది, తక్కువ ధ్వని చూసి యాప్ విషాదం అని ముద్ర వేసేస్తుంది. కథ చూడండి: రోమన్ల మీద యుద్ధం కావాలని గాల్ జనం అరుస్తుంటే, పూజారిణి నోర్మా వాళ్ళని చల్లార్చి, చంద్రదేవతని శాంతి అడుగుతోంది. ఆమె ఇద్దరు పిల్లల తండ్రి రోమన్ అధికారే, ఆ సంగతి జనానికి తెలియదు. బయట శాంతి, లోపల భయం. ఒక్క మాటలో ముద్ర వేయడం కుదరని చోట ఇది.

పాతప్లేటు
పాత గ్రామఫోన్ ప్లేట్లతో పోల్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. 12 అంగుళాల ప్లేటు ఒక వైపు నాలుగు, నాలుగున్నర నిమిషాలే పట్టేది, కాబట్టి అక్కడి వేగాన్ని సంప్రదాయం అనుకోకండి. అదెలా ఉన్నా, అకౌస్టిక్ కాలం (మైకులు రాకముందు) ప్లేట్లన్నీ నిమిషానికి 78 చుట్ల వేగంతోనే తీయలేదు. గాయని అడెలీనా పట్టీ 1906లో, 63 ఏళ్ళప్పుడు ఈ ఆరియా రికార్డు చేసింది. అలాంటివాటిని వేగం సరిచూడకుండా శ్రుతి తేల్చకూడదు. 78కి బదులు 73.6తో తిప్పితే సరిగ్గా అర స్వరం దిగుతుంది.

చూసే పద్ధతి ఇది: ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పిచ్ ఒక్కటే మార్చే ఎఫెక్ట్ కాకుండా వేగం, పిచ్ రెండూ కలిసి మారేదాన్ని వాడి, మైనస్ 5.6 శాతం పెట్టి వినండి. ప్లేటు ఎక్కువ వేగంతో తిరిగి ఉంటే గొంతులో కంపం మేక అరుపులా వణుకుతుంది, అచ్చులు చిన్నపిల్లల గొంతులా సన్నబడతాయి. సరైన చోటికి రాగానే రెండూ ఒకేసారి సర్దుకుంటాయి.

శ్రుతిపెట్టె
స్టీరియో రికార్డింగ్‌లకి ఇంత అవసరం లేదుగా?

పాతప్లేటు
లేదు. స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిలోని హెర్ట్జ్‌లు చూపే చిత్రం) తెరిచి శిఖర స్వరం చూడండి: అది 932 హెర్ట్జ్ దగ్గరుంటే పాట ఎఫ్‌లో ఉన్నట్టు, 988 అయితే జీ ఫ్లాట్, 1047 అయితే జీ. యాప్ డీ మైనర్ అంటే కంగారు పడొద్దు, ఎఫ్ మేజర్‌కీ దానికీ స్వరాలు ఒకటే. పాట ఆగిన స్వరం ఏదో చూస్తే తేలిపోతుంది.

విలంబకాలం
సరే, బెల్లినీ జీలో రాశాడన్నది ఒప్పుకుంటాను. కానీ కాలస్ ఎఫ్ మీద ‘తప్పు’ అని రాస్తే మాత్రం నేను ఊరుకోను.