అప్‌డేట్: పక్కింట్లో ఇథియోపియా భోజనం

ఇథియోపియాలో కొన్నేళ్లుండి వచ్చిన పక్కింటివాళ్లు రాత్రి భోజనానికి పిలిచారు, మేం శాకాహారులం, ఏం తినొచ్చని అడిగాను కదా. "యెత్సోమ్ వంటలు చేయమనండి" అన్న సలహా బాగా పనికొచ్చింది. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల ఉపవాసాల్లో తినేవి ఇవే. మాంసం, పాలు, నెయ్యి తగలవు.

ఇంజెరా అంటే టెఫ్ అనే సన్నటి ధాన్యపు పిండితో వేసే అట్టు. పిండి రెండుమూడు రోజులు పులవాలి. తిరగేయరు, మూతపెట్టి ఆవిరికి వదిలేస్తారు. పైన కళ్లు (చిన్న చిన్న చిల్లులు) పడలేదంటే సరిగా పులవనట్టే. పులుపు మన పుల్లట్టుకంటే ఎక్కువే!

పెద్ద పళ్లెంలో ఇంజెరా పరిచి, దానిమీదే శనగపిండి కూర షిరో, ఎర్రపప్పు కూర మిసిర్ వడ్డించారు. కుడిచేత్తో అంచునుంచి తుంచుకోవాలి, ఎవరి వైపు వాళ్లే. కూర పీల్చుకున్న అడుగు అట్టు ఆఖరికి. ఎవరైనా ముద్ద నోటికందిస్తే అది గుర్షా, వద్దనకండి.

కాఫీ మూడు విడతలు. మొదటిది బాగా చిక్కన, పిల్లలకు వద్దు.