ఆస్ట్రేలియా గడ్డపై భారత్ 57 టెస్టులు, 10 గెలుపులు: ఈ లెక్కను పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: గోడపత్రిక సంపాదకుడు, ఏలూరు

అందరికీ నమస్కారం. మా పేట గ్రంథాలయంలో బడిపిల్లల కోసం ఒక గోడపత్రిక నడుపుతున్నాను. ఈ నెల సంచిక కోసం, 1947-48లో లాలా అమర్‌నాథ్ నాయకత్వంలో జరిగిన తొలి పర్యటన మొదలుకొని 2024-25 వరకు, భారత జట్టు ఆస్ట్రేలియాలో ఆడిన పద్నాలుగు టెస్టు సిరీస్‌ల ఫలితాలను ఒక్కొక్కటిగా కూడాను. మొత్తం 57 టెస్టుల్లో 10 గెలుపులు, 33 ఓటములు, 14 డ్రాలు వచ్చాయి. పట్టిక అతికించిన సాయంత్రమే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు దాని ముందు చాలాసేపు నిలబడి, “అయితే మనవాళ్లు అక్కడికి ఓడిపోవడానికే వెళ్తారా, సార్?” అని అడిగింది. 2018-19లోనూ 2020-21లోనూ వరుసగా రెండు సార్లు సిరీస్ గెలిచిన జట్టు గురించి ఆ పాపకు అలాంటి అభిప్రాయం కలిగించింది నా పట్టికే కదా అని బాధ కలిగింది. అంకెలను మార్చకుండా, సాకులు వెతక్కుండా, ఈ లెక్కను ఎలా విడదీస్తే ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుందో చెప్పగలరా?

జవాబు 1: స్కోరుబుక్ అభిమాని, హైదరాబాద్

సంపాదకులు గారూ, ముందుగా మీ పట్టికను 1999-2000 పర్యటన దగ్గర రెండు ముక్కలు చేయండి. అప్పటివరకు ఆడిన 28 టెస్టుల్లో భారత్ గెలిచినవి 3, ఓడినవి 19, డ్రా అయినవి 6. 2003-04 నుంచి ఆడిన 29 టెస్టుల్లో గెలుపులు 7, ఓటములు 14, డ్రాలు 8. రెండు భాగాల్లోనూ ఓటములదే పైచేయి అన్నది నిజమే కానీ, ఇరవై ఎనిమిది మ్యాచ్‌లకు మూడు గెలుపులు దక్కిన చోట, ఇంచుమించు అన్నే మ్యాచ్‌లకు ఏడు దక్కడం చిన్న మార్పు కాదు.

ఈ మార్పుకు కారణం బ్యాటింగ్‌లో కంటే బౌలింగ్‌లోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. అక్కడ మనవాళ్లు వెనుకటి రోజుల్లోనూ పరుగులు చేశారు. 1947-48లో అడిలైడ్ టెస్టు రెండు ఇన్నింగ్స్‌లోనూ విజయ్ హజారే సెంచరీలు కొట్టినా భారత్ ఇన్నింగ్స్ తేడాతో (రెండు ఇన్నింగ్స్ కలిపినా ప్రత్యర్థి ఒక్క ఇన్నింగ్స్ స్కోరును అందుకోలేక) ఓడింది. పరుగులు ఎన్ని చేసినా ప్రత్యర్థి ఇరవై వికెట్లూ పడగొట్టకపోతే టెస్టు గెలవడం దాదాపు అసాధ్యం. 1967-68లో ఎరాపల్లి ప్రసన్న నాలుగు టెస్టుల్లో 25 వికెట్లు తీసినా, రెండో వైపు నుంచి కొత్త బంతితో అదరగొట్టే ఫాస్ట్ బౌలర్ లేక సిరీస్ 0-4తో ముగిసింది. అదే 2018-19కి వచ్చేసరికి బుమ్రా 21, షమీ 16, ఇషాంత్ 11 వికెట్లు తీశారు. ఒకే సిరీస్‌లో ముగ్గురు పేసర్లు కలిసి 48 వికెట్లు పడగొట్టడం ఆ దేశంలో భారత జట్టుకు పూర్తిగా కొత్త బలం.

2021 జనవరిలో బ్రిస్బేన్‌లో జరిగింది ఇంకా గొప్పది. ప్రధాన బౌలర్లందరూ గాయాలతో తప్పుకోగా, కేవలం మూడో టెస్టు ఆడుతున్న మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ ఆ బౌలింగ్ దళానికి పెద్దదిక్కు అయ్యాడు. ఆ పర్యటన మొదట్లోనే తండ్రి పోయినా ఇంటికి వెళ్లకుండా జట్టుతోనే ఉండిపోయిన మనిషి, రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 1988 తర్వాత ఆస్ట్రేలియా ఒక్క టెస్టు కూడా ఓడని ఆ మైదానంలో 328 పరుగుల లక్ష్యాన్ని భారత్ మూడు వికెట్లు చేతిలో ఉండగా ఛేదించింది.

జవాబు 2: సిడ్నీ డ్రాల మీద ఆసక్తి ఉన్నవాణ్ణి, విజయవాడ

పై మిత్రుల విభజన బాగుంది. నేను డ్రాల గడి గురించి ఒక మాట చెప్తాను, ఎందుకంటే పట్టికలో పాఠకులను ఎక్కువగా దారి తప్పించేది అదే. సిడ్నీ మైదానాన్నే తీసుకోండి. అక్కడ భారత్ 14 టెస్టులు ఆడి ఒక్కటే, అదీ 1978 జనవరిలో, గెలిచింది. ఆరు ఓడింది, ఏడు డ్రా అయ్యాయి. ఆ ఏడింట్లో కనీసం నాలుగు డ్రాలు భారత్ చేతికి అందినట్టే అంది జారిపోయిన గెలుపులు.

1985-86లో గవాస్కర్ 172, అమర్‌నాథ్ 138, శ్రీకాంత్ 116 పరుగులు చేయగా భారత్ నాలుగు వికెట్లకే 600 కొట్టి డిక్లేర్ చేసింది. ఫాలోఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనుకబడిన జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగడం) ఆడిన ఆస్ట్రేలియా ఆరు వికెట్లు కోల్పోయి గట్టెక్కింది. 1992లో రవిశాస్త్రి 206, పద్దెనిమిదేళ్ల టెండూల్కర్ 148 నాటౌట్ చేసిన మ్యాచ్‌లో, ఆట ముగిసే సమయానికి ఆస్ట్రేలియాకు మిగిలినవి రెండు వికెట్లు, ఉన్న ఆధిక్యం కేవలం మూడు పరుగులు. 2004లో టెండూల్కర్ 241 నాటౌట్, లక్ష్మణ్ 178 చేశారు. కుంబ్లే రెండు ఇన్నింగ్స్‌లో కలిపి 12 వికెట్లు తీశాడు. అయినా ఆస్ట్రేలియా ఆరు వికెట్ల దగ్గర ఆగింది. 2019లో ఆతిథ్య జట్టు చేత ఫాలోఆన్ ఆడిస్తుంటే వాన పడి ఆట సాగలేదు. ఈ నాలుగింటినీ, ఓటమి తప్పించుకోవడానికి ఆడిన డ్రాలనూ ఒకే గడిలో పడేస్తే ఏదేమిటో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

తప్పించుకున్న డ్రా అన్నాను కనుక 2021 సిడ్నీ గురించి కూడా చెప్పాలి. 407 లక్ష్యంతో ఆడుతూ 272 దగ్గర పుజారా ఐదో వికెట్‌గా వెళ్లిపోయాక, కాకినాడలో పుట్టిన హనుమ విహారి, అశ్విన్ క్రీజులో మిగిలారు. విహారికి తొడ కండరం పట్టేసింది, అశ్విన్‌కు నడుము వంగడం లేదు. పరుగు తీయడానికి కదలలేని స్థితిలో విహారి బంతిని కాలి కిందికే అణిచి ఆపుతూ 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలిచాడు. అశ్విన్ 128 బంతుల్లో 39తో నాటౌట్. ఆ రోజు పొద్దున్నుంచి టీవీ ముందు కూర్చున్న నేను, చివరి గంటలో ప్రతి బంతికీ ఊపిరి బిగబట్టాను. పట్టికలో ఇది కూడా ఒక డ్రాయే, కానీ దీన్ని కాపాడుకోకపోతే బ్రిస్బేన్‌లో సిరీస్ గెలిచే అవకాశమే ఉండేది కాదు.

జవాబు 3: రిటైర్డ్ లెక్కల మాస్టారు, వరంగల్

ఇద్దరూ చెప్పినవి సరైనవే. అయితే సంపాదకులు గారూ, ఓటములను మెత్తబరచకండి అని నా మనవి. 1999-2000లో 0-3, 2011-12లో 0-4 దగ్గరి ఓటములు కావు. 2011-12లో రెండు టెస్టులు ఇన్నింగ్స్ తేడాతో పోయాయి, అడిలైడ్‌లో 298 పరుగుల తేడాతో ఓడాం, సిడ్నీలో క్లార్క్ ఒక్కడే 329 నాటౌట్ చేశాడు. అదే విధంగా, 1977-78లో మెల్‌బోర్న్, సిడ్నీ గెలుపులను రాసేటప్పుడు, కెర్రీ ప్యాకర్ సొంతంగా నడిపిన ప్రైవేటు సిరీస్‌కు వెళ్లిపోయిన ఆస్ట్రేలియా అగ్రశ్రేణి ఆటగాళ్లు ఆ జట్టులో లేరనీ, పదేళ్ల తర్వాత తిరిగి పిలిపించిన బాబ్ సింప్సన్ దానికి నాయకుడనీ రాయడం న్యాయం. గ్రెగ్ చాపెల్, లిల్లీ, మార్ష్ ఉన్న పూర్తి స్థాయి జట్టును అక్కడ మొదట ఓడించింది 1981 ఫిబ్రవరిలో, మెల్‌బోర్న్‌లో. తొడ నొప్పితో, ఇంజెక్షన్ తీసుకొని బౌలింగ్ చేసిన కపిల్ దేవ్ 28 పరుగులకు 5 వికెట్లు తీయగా, 143 లక్ష్యం ముందు ఆస్ట్రేలియా 83కే కుప్పకూలింది. ఆ పది గెలుపుల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

జవాబు 4: గోడపత్రిక సంపాదకుడు, ఏలూరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పట్టికను 2003 దగ్గర విడదీసి, డ్రాల పక్కన ఆట ముగిసేనాటి స్కోర్లు చేరుస్తాను. మాస్టారు చెప్పినట్టు ఓటములను వాటి తేడాలతో సహా రాస్తాను.

మీ జవాబులు చదివాక మళ్లీ స్కోర్లు తిరగేస్తుంటే ఓటముల గడిలోనే రెండు సెంచరీలు కనిపించాయి. సికింద్రాబాద్‌లో పుట్టిన ఎం.ఎల్. జయసింహను 1968లో పర్యటన మధ్యలో కబురు పెట్టి పిలిపించారు. విమానం దిగిన కొద్ది రోజులకే బ్రిస్బేన్‌లో 74, 101 చేశాడు. 395 లక్ష్యంతో ఆడిన భారత్ 39 పరుగుల తేడాతో ఓడింది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 దగ్గర ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులను కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీశ్ నేరుగా బౌండరీకి కొట్టి, మోకాలిపై కూర్చొని బ్యాటును నేలలో నిలిపి దానికి హెల్మెట్ తగిలించాడు. గ్యాలరీలో అతని తండ్రి ఏడ్చేశారు. ఆ మ్యాచ్ భారత్ 184 పరుగుల తేడాతో ఓడింది.

ఈ రెండు ఇన్నింగ్స్‌నూ ఆ రెండు ఓటముల పక్కనే రాస్తాను. ఆ అమ్మాయి శనివారం గ్రంథాలయానికి వస్తుంది.